చేతిఫోను వచ్చినపిమ్మట గ్రంథాలయమేల?

గ్రంథాలయములకు కాలము చెల్లినదని యీనడుమ పలువురు పెద్దలు సెలవిచ్చుచున్నారు. చేతిఫోనున ప్రపంచమంతయు నిమిడియుండగా, బూజుపట్టిన బీరువాల నడుమ కూర్చుండి చినిగిన పుటలు త్రిప్పవలసిన యగత్యమేమని వారి యభిప్రాయము. ఈ మాటను మేము కొత్తపేటలో బస్సుకొఱకు వేచియున్నప్పుడు వింటిమి. రాజోలులో పెండ్లివిందున వింటిమి. అమలాపురమున విద్యావంతులు కూడిన యొక సభలోను వింటిమి. చెప్పినవారందఱును ఇంట వైఫై గలవారు, ఆంగ్లము చదివినవారు, దరఖాస్తున పొరపాటు వచ్చినచో నెవరికి ఫోను చేయవలెనో యెఱిగినవారు. తమకక్కఱలేదు గనుక గ్రంథాలయ మెవరికిని అక్కఱలేదని వారు నిశ్చయించుట, కడుపునిండినవాడు ఊరిలో సత్రమేలయని యడుగుటవంటిది.

కోనసీమవారికి ఈ సంగతి కాలువల భాషలో చెప్పినచో సులభముగ బోధపడును. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మూలమున గోదావరి నీరు కాలువలకెక్కినది. అయినను, కాలువలో నీరు ఒడ్డొరసి పాఱుచున్నంతమాత్రమున శివారు రైతు చేను తడియదు. తూము కావలెను; తూమునుండి బోదె కావలెను; బోదెలో పూడిక తీయవలెను; వంతు తప్పకుండ నీరు విడుచుటకు లస్కరు కావలెను. నాకు నీరందినదిగదా, యిక లస్కరేలయని ఎగువ రైతు అనినచో, దిగువ రైతు ఏమనునో చదువరులే యూహింపవచ్చును. అంతర్జాలము నేడు మన కొబ్బరితోటల మీదుగా పాఱుచున్న పెద్దకాలువ. దానికి బోదె యెక్కడ, లస్కరెవడు అనునది మా ప్రశ్న.

మేము వృత్తిచే నుపాధ్యాయులము. 2025 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వము 16,347 ఉపాధ్యాయపదవులకు ప్రకటన వెలువరించినప్పుడు, మాయొద్ద పూర్వము చదువుకొన్న పిల్లలు కొందఱు సలహాకై వచ్చిరి. వారిలో ఒక యమ్మాయి లంకగ్రామమునుండి పంటు మీద రేవు దాటి, ఆటో యెక్కి వచ్చినది. ఆమెకు చేతిఫోను కలదు. పాఠముల వీడియోలును తఱచుగ చూచుచుండును. కాని దరఖాస్తు అంతర్జాలముననే పెట్టవలెను. పరీక్షయు కంప్యూటరు ముందు కూర్చుండియే వ్రాయవలెను. అరచేతి తెరమీద ఆ గళ్లన్నియు నింపి, ఛాయాచిత్రమును సంతకమును అడిగిన కొలతకు కుదించి యెక్కించుట ఆమెకు చేతగాలేదు. నెట్టు సెంటరుకు పోయినది. అక్కడి కుఱ్ఱవాడు రుసుముమీద తన కూలి పుచ్చుకొని, వెనుక పదిమంది వరుసలో నిలుచుండుటచే తొందరపడి, ఇంటిపేరులో ఒక యక్షరము తప్పుకొట్టినాడు. దానిని దిద్దించుకొనుటకు ఆమె మఱి రెండుమార్లు రేవు దాటవలసివచ్చినది. తల్లి తోడుగ వచ్చుచుండెను గనుక ఆ తల్లికి రెండు దినముల కూలియు పోయినది.

ఆ కుఱ్ఱవానిని మేము నిందింపము. అద్దె, విద్యుత్తు, జిరాక్సు కాగితము, అన్నియు వాడు ఆ రూపాయలలోనుండియే తీయవలెను. తన యెదుట కూర్చున్నవారికి పని నేర్పుచు పోయినచో వాని బేరము మునుగును. నేర్పకుండుటయే వాని వ్యాపారధర్మము. కాని దాని ఫలమేమి? ఊరిలో సగముమంది ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, రహస్యపదములు ఒక కొట్టు బల్లమీది గీతల నోటుపుస్తకమున నున్నవి. ఫోనుకు వచ్చిన ఓటీపీని నలుగురి నడుమ బిగ్గరగ చదివి చెప్పుట మన పట్టణములలో నొక యాచారమైపోయినది. తన యింటి తాళపుచెవిని సంతలో నడివీథిని చేతులు మార్పించువాడెవడైనను ఉండునా? ఇది యంతకంటె వేఱు కాదు.

ఇంతకంటె బరువైన సంగతి యింకొకటి కలదు. కోనసీమనుండి పేదయింటి స్త్రీలు కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవుట దశాబ్దములుగ జరుగుచున్నది. వారిని పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదైనవాడా కాడా యనునది, కేంద్ర విదేశాంగశాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టలున ఎవరైనను చూడవచ్చును. వలస అనుమతి యవసరమైన పాస్‌పోర్టు గల స్త్రీకి ముప్పదియేండ్లు నిండనిదే ఇంటిపనికై ఆ దేశములకు పోవుటకు అనుమతి లేదు. ఈ రెండు సంగతులు తెలిసికొనుటకు కావలసినది అయిదు నిమిషముల కాలము, ఒక తెర, ప్రక్కన కూర్చుండి తెలుగున విప్పిచెప్పు మనుష్యుడు. ఆ మనుష్యుని జీతము మాత్రము ఆ ఏజెంటు చేతినుండి వచ్చునది కారాదు. నేడు జరుగుచున్నదేమి? పెక్కుచోట్ల ఆ స్త్రీకి కాగితములు చదివిపెట్టువాడు ఏజెంటే.

మీ-సేవ కేంద్రములు 2011 నుండి యున్నవి కదా, 2019లో కాకినాడ చెంత కరపలో ప్రారంభమైన సచివాలయములు ఊరూర నున్నవి కదా, 2025 జనవరి నుండి వాట్సాపులోనే ‘మన మిత్ర’ పేర ధ్రువపత్రములు వచ్చుచున్నవి కదా యని యడుగువారు కలరు. మంచివే. కుల ధ్రువపత్రమునకై తాలూకా కచేరి వరండాలో పగలంతయు కూర్చున్న తండ్రులను చూచినవారము. ఆ దినములు మరల రావలెనని కోరము. అయితే పత్రమిచ్చుట వేఱు, తన పని తాను చేసికొనగల శక్తి నిచ్చుట వేఱు. మొదటిది కార్యాలయము చేయును. రెండవది పాఠశాల చేయవలెను. పాఠశాల వయసు దాటినవారికి గ్రంథాలయము తప్ప మఱియొక పాఠశాల లేదు.

తీగ రానందున ఇట్లున్నదనుటకు వీలులేదు. తీగ అందఱికంటె ముందు మనకే వచ్చినది. రాజోలు ప్రాంతమున సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామము జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందినది. 2016 డిసెంబరు 29న ఆనాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఫైబరు తీగ పథకమును ఆ గ్రామముననే ఆరంభించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖనుండి సాల్మన్ డార్విన్ అను ఆచార్యుడు అక్కడ స్మార్టు గ్రామప్రయోగమునకు పూనుకొనెను. మఱుసటి యేడు డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆ పథకమును రాష్ట్రమంతటికి ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు అంతర్జాలము, టెలిఫోను, టెలివిజను మూడును ఇత్తుమనిరి. నాడు పత్రికలలో మోరి పేరు చూచి మేమును పొంగితిమి. కాని తీగ ఇంటింటికి పోవలెనని యోచించినంతగా, ఊరందఱు కూడు ఒక గదికి పోవలెనని యోచింపలేదు. మేమెఱిగిన యిండ్లలో మూడింటిలోను టెలివిజనే గెలిచినది.

తరువాత 2021లో ప్రతి గ్రామపంచాయతీకి డిజిటల్ లైబ్రరీ కట్టవలెనని రాష్ట్రప్రభుత్వము సంకల్పించెను. సంకల్పము గొప్పది. పెక్కుచోట్ల పని నడుమనే నిలిచిపోయినది. పూర్తియైనను, అందు కూర్చుండువాడెవడు, వాని జీతమెవరిది, కంప్యూటరు చెడిన బాగుచేయించువారెవరు అను ప్రశ్నలు మిగిలియే యుండెడివి. అమెరికాదేశపు ఉక్కువర్తకుడు ఆండ్రూ కార్నెగీ తన ధనముతో 2,509 గ్రంథాలయములు కట్టించెనని చెప్పుదురు. ఆయన వర్తకుడే గనుక లెక్క తెలిసినవాడు. స్థలము ఊరివారు చూపవలెను. కట్టడమునకైన వ్యయములో పదియవవంతు ఏటేట ఊరివారు తమ పన్నులనుండి దాని పోషణకు వెచ్చింపవలెను. అట్లొప్పుకొన్న ఊరికే కార్నెగీ ధనమిచ్చెను. మనము గోడలకు ధనమిత్తుము. దీపమునకు నూనె ఎవరైన పోయుదురులే యని విడిచిపెట్టుదుము.

నిజమునకు ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1886లోనే విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీనిలయము స్థాపించిరి. తూర్పుగోదావరిజిల్లా కొంకుదురున జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకొనగా, 1914 ఏప్రిలు 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. ఆనాటి సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్ననాటినుండి చూపు తక్కువై, ఒరులచేత చదివించుకొని పండితులైనవారాయన. అట్టివారు గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించుట మాకు చాల యుచితముగ తోచును. పుస్తకమెంత యవసరమో, దానిని చదివి వినిపించు గొంతు అంతకంటె నెక్కువ యవసరమని ఆయనకంటె నెఱిగినవారెవరు? ఆ యుద్యమమువారును చదువురానివారికి పత్రికలు చదివి వినిపించుటను గ్రంథాలయపు పనులలో నొకటిగ పెట్టుకొనిరి. నేటి నెట్టు సెంటరున లోపించినది ఆ గొంతే.

అంతటితో వారు తృప్తిపడలేదు. పుస్తకమువద్దకు మనుష్యుడు రాలేనిచో, మనుష్యునివద్దకు పుస్తకము పోవలెననిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు తెనాలి తాలూకా పెదపాలెము నుండి కాలువలమీద పడవ గ్రంథాలయము నడిపించిరి. పుస్తకములు పడవకెక్కి రేవురేవున నాగి చదువరులకై వేచియుండుట యెంత ముచ్చటయైన పని! కాలువలకును రేవులకును కొఱతలేని కోనసీమవారము మనము. నేడు పడవయే యక్కఱలేదు. రెండు కంప్యూటర్లును, నేర్పునట్టి మనుష్యుడును గల చిన్న వ్యాను లంకల రేవులచెంత వారమున కొకదినము నిలిచినను చాలును.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. కోనసీమ వేదవిద్యకు పేరుపడిన సీమ. గ్రంథమక్కఱలేకయే గురుముఖమున వేదమంతయు కంఠస్థము చేసిన మహనీయులు ఈ యగ్రహారములలో వెలసిరి. సంస్కృతము చదివిన మేము ఆ ధారణాశక్తికి నమస్కరించుచునే యున్నాము. కాని కంఠములోని విద్యకు ద్వారపాలకులు జాస్తి. పుట్టుక నడిగి గాని వారు తలుపు తీయరు. అల్మారాలోని పుస్తకము ఎవరి కులమును అడుగదు. పఠనమందిరపు బల్లయొద్ద కూర్చున్నవారిలో అగ్రహారమువాడెవడో పేటవాడెవడో పత్రిక యెఱుగదు. తెలుగుదేశమున అన్ని కులములవారును ఒక్క బల్లకు చుట్టును, ఊరక, ఏ సభయు నుత్సవమును లేకుండ కూర్చుండు చోట్లు ఎన్నియున్నవో లెక్కపెట్టి చూడుడు, వ్రేళ్లు మిగులును. అంతర్జాలమును కులమడుగదు, నిజమే. కాని అది ఆంగ్లమడుగును, రూకలడుగును, రహస్యపదమడుగును. పాత ద్వారపాలకుల స్థానమున క్రొత్తవారు నిలిచిరన్నమాట.

తెలుగున నున్నదియు తెలియదు. తెలుగు వికీపీడియా 2003 నుండి నడచుచున్నది. 1924లో పుట్టిన ‘భారతి’ మాసపత్రిక పాత సంచికలును, వేలకొలది పాతపుస్తకములును ఛాయారూపమున అంతర్జాలమున నున్నవి. చదువుటకు రుసుము లేదు. ఒకప్పుడు మేము ఒక పాత సంచికకై రాజమహేంద్రవరమునకు పోయి, గౌతమీ గ్రంథాలయమున పగలంతయు వెదకినవారము. అదే సంచికను ఇప్పుడు పదవ తరగతి పిల్లవాడు ఇంట కూర్చుండి తెఱవగలడు. తెఱచుట లేదు, ఏలయన అది యున్నదని చెప్పినవారు లేరు. ఫోను తనంతట తాను చూపునవి వేఱు వస్తువులు.

ఇక ధనము సంగతి. ధనము లేదను మాట మేము నమ్మము. స్వతంత్రభారతమున మొదటి గ్రంథాలయచట్టము 1948లో చెన్నరాష్ట్రమున వచ్చినది. కోస్తా జిల్లాలు అప్పుడా రాష్ట్రములోనివే. పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకచట్టము వచ్చినది. దాని ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగ మనము చెల్లించుచున్నాము. అనగా వెయ్యిరూపాయల పన్నునకు ఎనుబది రూపాయలు. ఈ సొమ్మును వసూలుచేయునది పంచాయతీయో పురపాలక సంఘమో. ఖర్చుచేయవలసినది గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్ము సంస్థకు చేరక బకాయిలు పేరుకొనుచున్నవని పత్రికలు ఏటేట వ్రాయుచునే యున్నవి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత యిచట కొంచెము మాఱినది. వరమిచ్చినది మనము, పూజారిని నియమించినదియు మనమే. పన్ను రసీదులో ఆ పంక్తిని చదివిన గృహస్థులను మేమింతవఱకు నలువురైదుగురిని మించి చూడలేదు. గుడి హుండీ లెక్కలడుగుటకు మాత్రము ఊరంతయు వచ్చును.

కోనసీమను కేరళతో పోల్చుకొని మురియుట మనకు వాడుక. కొబ్బరిచెట్లు, కాలువలు, పడవలు, అన్నియు సరిపోయినవి. కేరళమున పి. ఎన్. పణిక్కరుగారు 47 గ్రంథాలయములతో తిరువాన్కూరు సంఘము స్థాపించినది 1945లో. అప్పటికి మన సంఘమునకు ముప్పదియొక్క యేండ్లు. వారు మనకంటె వెనుక బయలుదేరి, 2002లో మలప్పురము జిల్లాలో ఇంటికొక్కరికి కంప్యూటరు నేర్పుటకు ‘అక్షయ’ కేంద్రములు తెఱచి, 2025 ఆగస్టులో తమ రాష్ట్రము సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించినదని ప్రకటించుకొనిరి. అట్టి ప్రకటనలలో కొంత యతిశయోక్తి యుండుట సహజము. అయినను ముసలివారిని కూర్చుండబెట్టి ఫోను వాడుట నేర్పిరనునది సత్యము. పోలిక కొబ్బరిచెట్లవద్దనే ఆగిపోకుండిన బాగుండును.

అంతర్జాలము లేకున్న నేమగునో కోనసీమవారు ఒకమారు చవిచూచిరి. 2022 ఏప్రిలు 4న మన జిల్లా యేర్పడినది. దానికి డాక్టరు బి. ఆర్. అంబేద్కరుగారి పేరు చేర్చుటను ప్రతిఘటించి, మే 24న అమలాపురమున అల్లరిమూకలు ఇండ్లు తగులబెట్టినవి. పిమ్మట పది దినములకు పైగా అంతర్జాలము ఆపివేయబడెను. ఇంటినుండి పనిచేయుచున్న కంప్యూటరు ఉద్యోగులు ఆవలియొడ్డు సంకేతము అందునేమోయని గోదావరి గట్టులకు ల్యాప్‌టాపులు మోసికొనిపోయిరి. అల్లరికి మూలము ఆ ఫోనులలో నిమిషనిమిషమునకు పాఱిన వదంతులును, పిలుపులును అని ప్రభుత్వము తలచినది. అదియే నిజమైనచో, పది దినములు తీగ కోయుట మందు కాదు. చేతికి వచ్చిన వార్త నిజమో కల్లయో విచారించు నలవాటు ఒక చోట కూర్చుండి, నాలుగు పత్రికలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినవానికి గాని రాదు. ఆ చోటు పట్టణమున ఎంత చిన్నదో నాడు తేలినది.

ఏ మహనీయుని పేరునకై ఇండ్లు కాలినవో, ఆయన బొంబాయి దాదరులో తన పుస్తకములకొఱకే రాజగృహమను ఇల్లు కట్టించుకొన్నవాడు. తాను నిదురించుటకంటె తన పుస్తకములు నిలుచుటకే ఎక్కువ స్థలము చూచుకొన్నాడందురు. ఆయన పేరు గల జిల్లాలో విగ్రహములకు కొఱతలేదు. విగ్రహమున్న ప్రతి కూడలికిని కూతవేటు దూరమున ఒక మంచి పఠనమందిరముండిన, ఆ పేరును వ్యతిరేకించిన యింటి పిల్లవాడును ఏదో యొక సాయంకాలము అచ్చటనే దరఖాస్తు నింపుకొనుటకు వచ్చియుండును.

మేమెఱిగిన శాఖాగ్రంథాలయ మొకటి కలదు. ఊరి పేరు చెప్పనక్కఱలేదు. ఉద్యోగి యొక్కడే, రెండు గ్రంథాలయములు చూడవలెను గనుక వారమున మూడుదినములిచ్చట, మూడుదినములచ్చట. మంచివాడు. దాత లిచ్చిన రెండు కంప్యూటర్లున్నవి. ఉపాధ్యాయపరీక్షకు ముందు నెలలలో ఊరి పట్టభద్రులు కొందఱు తాళపుచెవి యడిగి పుచ్చుకొని, అతడు లేని దినములలోను తామే తెఱచి, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిదివఱకు నడిపిరి. మేమును వారమునకు రెండు సాయంకాలములు కూర్చుంటిమి. పింఛను సొమ్ము పడినదా లేదా చూచుకొనుటకు వచ్చిన ముదుసలులు, అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి ధర చూపుమని వచ్చిన దింపు కూలీలు, గల్ఫులోని తల్లితో నిదానముగ మాటలాడుటకు వచ్చిన పిల్లలు, ఇట్లు నెలదినములలో ఆ గదికి క్రొత్త ప్రాణము వచ్చినది. పత్రికలకై వచ్చు పాత చదువరులు మొదట సణిగిరి. పిదప వారిలో ఇద్దఱు పిల్లలకు ఆంగ్లపు మాటల కర్థము చెప్పుచు అచ్చటనే పాతుకొనిపోయిరి.

ఆడుపిల్లలు మాత్రము ఒక గంటకు మించి నిలుచుట లేదు. మాదిరిపరీక్ష పూర్తిచేయుటకు రెండున్నర గంటలు పట్టును. నడుమనే లేచి పోవుచున్నారు. ఇంటివారి భయము కాబోలునని మగవారమందఱము తలచితిమి. పంటు మీద వచ్చు ఆ యమ్మాయియే తుదకు కారణము చెప్పినది: పెరటిలోని మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదు. వడ్రంగి వచ్చి చూచి, మున్నూటయేబది రూపాయలగుననెను. మేమే యిత్తుమంటిమి, ప్రభుత్వపు కట్టడమునకు పరులు మేకు కొట్టరాదనిరి. సంస్థ ధనముతో చేయింతమనిన, అది మరమ్మతు పద్దున వ్రాయవలెనో, సామగ్రి పద్దున వ్రాయవలెనో పైనుండి ఉత్తరువు రావలెనట. ఉత్తరము వ్రాసి రెండు నెలలైనది. వడ్రంగి రెండుమార్లు వచ్చి పోయినాడు.